ఒక వస్తువు ఆకారంలోంచి తెలుగు ఫాంట్ ఎలా తయారు చేయాలి

"మా ఉత్పత్తికి ఒక ప్రత్యేకమైన ఆకారం ఉంది. అదే పోలికతో మాకంటూ ఒక తెలుగు ఫాంట్ కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక ప్రయత్నం చేసి ఉంటారు. వస్తువు ఫోటో మీద అక్షరాలు పరిచి, మూలలన్నీ ఒకేలా గుండ్రం చేసి, "ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు" అని ఆగిపోయి ఉంటారు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. వస్తువు నుంచి మీరు తీసుకోవలసింది రెండు మూడు నిష్పత్తులు మాత్రమే. అక్షరం ఎముకల గూడు మాత్రం అక్షరానిదే. ఈ రెండింటికీ పోటీ వచ్చిన ప్రతిసారీ అక్షరాన్నే గెలిపించండి.

ఇది ఎలా సాధ్యమో చూడాలంటే యూరోస్టైల్ ఫాంట్ తెరిచి చూడండి. 1952లో ఇటలీ డిజైనర్లు అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవారేసే కలిసి మైక్రోగ్రమ్మా అనే ఫాంట్ చేశారు. అందులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే ఉండేవి. 1962లో నొవారేసే దాన్ని విస్తరించి, చిన్నబడి అక్షరాలు చేర్చి యూరోస్టైల్ చేశాడు. అందులో గుండ్రంగా ఉండాల్సిన అక్షరాలన్నీ పాతకాలపు టీవీ తెరలా ఉంటాయి: పక్కలు కొద్దిగా ఉబ్బి, మూలలు మెత్తగా. అక్కడ టీవీ బొమ్మ ఎక్కడా లేదు. అయినా చూడగానే తెర గుర్తొస్తుంది. మనకు కావలసింది సరిగ్గా ఇదే.

ఉదాహరణ కోసం ఈ వ్యాసమంతా ఒకే వస్తువు తీసుకుంటాను: మూలలు గుండ్రంగా ఉన్న చతురస్రాకారపు చిన్న స్పీకర్. మీ వస్తువు వేరైనా పద్ధతి మారదు.

కావలసినవి

- వస్తువు ముందు, పక్క, పై భాగాల ఫోటోలు. దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే అంచులు వంగి కొలతలు తప్పుతాయి. డిజైన్ డ్రాయింగ్ దొరికితే ఫోటోలే అక్కర్లేదు.
- స్కేలు లేదా వెర్నియర్ కాలిపర్
- గళ్ల కాగితం, ట్రేసింగ్ పేపర్, పెన్సిల్, రబ్బరు
- ఫాంట్ సాఫ్ట్‌వేర్. ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. గ్లిఫ్స్ మ్యాక్‌లో మాత్రమే ఉంటుంది, కొనుక్కోవాలి. ఫాంట్‌ల్యాబ్ మ్యాక్, విండోస్ రెండింటికీ ఉంది, అదీ కొనుక్కోవాల్సిందే. నేర్చుకునేవాళ్లకు ఫాంట్‌ఫోర్జ్ చాలు. మొదట్లో కాస్త మొరాయిస్తుంది, అలవాటైతే పని జరుగుతుంది.
- ప్రింటర్. తెర మీద మాత్రమే చూసి ఫాంట్ పూర్తి చేయకండి.
- వస్తువు మీది కాకపోతే దాని యజమాని రాతపూర్వక అనుమతి. ఆకారాలకు కూడా డిజైన్ హక్కులు, ట్రేడ్‌మార్కులు ఉంటాయి.

1. ఎన్ని అక్షరాలు కావాలో ముందే తేల్చుకోండి

మీకు కావలసింది ఉత్పత్తి పేరు ఒక్కటే అయితే ఫాంట్ అక్కర్లేదు. ఆ నాలుగైదు అక్షరాలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసి, ఎస్వీజీ (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ) ఫైల్‌గా దాచుకుంటే సరిపోతుంది. శీర్షికలు, ప్యాకింగ్, పోస్టర్ల కోసమైతే పూర్తి ఫాంట్ చేయండి. పేరాలకు పేరాలు చదివించడానికి మాత్రం ఇలాంటి ఫాంట్ వాడొద్దు. జ్యామితి ఎక్కువైన అక్షరాలు చిన్న సైజులో ఒకదాన్ని ఒకటి పోలి కంటికి శ్రమ కలిగిస్తాయి. దానికి మామూలు ఫాంట్ ఒకటి తోడు పెట్టుకోండి.

2. వస్తువును కొలిచి మూడు సంగతులు రాసుకోండి

మన స్పీకర్ వెడల్పు 120 మిల్లీమీటర్లు, మూల వ్యాసార్థం 36, ముందు అంచు పట్టీ మందం 12 అనుకుందాం. అప్పుడు:

- మూల / వెడల్పు = 0.3
- మందం / వెడల్పు = 0.1
- పక్కలు పూర్తిగా తిన్నగా ఉన్నాయా, కొద్దిగా ఉబ్బాయా? ఇది అంకె కాకపోయినా రాసుకోండి.

ఇంకేదైనా ప్రత్యేకత ఉంటే, ఉదాహరణకు ఒక మూల ఏటవాలుగా కోసి ఉంటే, ఆ కోణం కూడా రాసుకోండి. అక్కడితో ఆపండి. బటన్లు, రంధ్రాలు, జాలీ, స్క్రూలు అన్నీ అక్షరాల్లోకి తేవాలనిపిస్తుంది. తేవద్దు. అంతకు మించి నియమాలు చేర్చిన దగ్గర్నుంచి అక్షరాలు వస్తువు తాలూకు బొమ్మలుగా మారిపోతాయి.

ఇప్పుడు అంకెలను ఫాంట్ కొలతల్లోకి మార్చండి. ఫాంట్‌లో అక్షరాలను మిల్లీమీటర్లలో కాక యూనిట్లలో కొలుస్తారు. సున్న (ం) వెడల్పు 560 యూనిట్లు అనుకుంటే బయటి మూల వ్యాసార్థం 168, గీత మందం 56. శీర్షికకు 56 పలుచన, 80కి పెంచుకోండి. నిష్పత్తి దారి చూపడానికే ఉంది, దానికి కట్టుబడి చదవలేని అక్షరం గీయకండి.

3. ఎనిమిది అక్షరాలు చేత్తో గీయండి

సాఫ్ట్‌వేర్ ఇంకా తెరవొద్దు. గళ్ల కాగితం మీద ఈ వరుసలో గీయండి: ం, ర, వ, ప, ద, క, ల, ఘ.

ఈ ఎనిమిదే ఎందుకంటే, సున్న మీ మూల ఆకారం. ర అంటే ఆ ఆకారానికి తలకట్టు. వ, ప ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి కాబట్టి మీ డిజైన్‌కు తొలి పరీక్ష అవే. ద తెరుచుకున్న ఆకారం. క లో గీతలు కలిసే చోటు ఉంది. ల కు తలకట్టు లేదు. ఘ లో గీతలు కిక్కిరిసి ఉంటాయి. గీత మందం ఎంత ఉండొచ్చో ఘ చెబుతుంది, సున్న చెప్పదు. సున్నలో 120 మందం కూడా అందంగానే ఉంటుంది, అదే మందంతో ఘ గీస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అందుకే ఘ గీశాకే మందం ఖాయం చేసుకోండి.

మరో సంగతి. ప్రతి వంపునూ చతురస్రం చేయాల్సిన పని లేదు. అక్షరంలోని పెద్ద గుండ్రానికి మాత్రమే వస్తువు ఆకారం ఇవ్వండి. చిన్న మెలికలు మామూలు వంపులుగానే ఉండనివ్వండి.

4. ఫైల్ సిద్ధం చేసుకోండి

ఎమ్ సైజు, అంటే అక్షరాలు గీసే చట్రం ఎత్తు, 1000 యూనిట్లు పెట్టండి. మొదలుపెట్టడానికి ఈ గీతలు పనికొస్తాయి: బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) 0, సున్న పై అంచు 520, తలకట్టు కొన 700, గుడులు 800 వరకు, ఒత్తుల అడుగు మైనస్ 420. తెలుగుకు కింద చాలా చోటు కావాలి. ఇంగ్లీష్ ఫాంట్ టెంప్లేట్‌లో ఉండే మైనస్ 200తో మొదలుపెట్టారంటే ఒత్తులన్నీ నలిగిపోతాయి, తర్వాత సగం పని మళ్లీ చేయాలి.

5. వంపులు గీయండి

తేడా పుట్టేది ఎక్కువగా ఇక్కడే. కాస్త ఓపిగ్గా చదవండి.

*పాయింట్లు ఎక్కడ పెట్టాలి.* సాఫ్ట్‌వేర్‌లో వంపును పట్టి ఉంచేవి పాయింట్లు. పాయింటు నుంచి బయటికి వచ్చి, వంపు ఎటు, ఎంత తిరగాలో చెప్పే చిన్న గీత హ్యాండిల్. ప్రతి వంపులో అత్యంత పైన, కింద, ఎడమ, కుడి చివర్లలో పాయింట్లు ఉండాలి. వాటి హ్యాండిళ్లు కచ్చితంగా అడ్డంగానో నిలువుగానో ఉండాలి. సున్నకు నాలుగు పాయింట్లు చాలు. ఎక్కువ పెడితే వంపు గతుకులు పడుతుంది.

*హ్యాండిల్ పొడవు.* నాలుగు పాయింట్లతో వృత్తం గీయాలంటే హ్యాండిల్ పొడవు వ్యాసార్థంలో సుమారు 0.55 వంతు ఉండాలి. దాన్ని 0.7, 0.75కి పెంచుతూ పోతే వృత్తం మెల్లగా చతురస్రం వైపు జరుగుతుంది, పక్కలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఉబ్బిన పక్కలున్న వస్తువులకు ఈ దారి మంచిది. వృత్తానికీ చతురస్రానికీ మధ్య ఉండే ఈ ఆకారాల కుటుంబానికి సూపర్‌ఎలిప్స్ అని పేరు. స్టాక్‌హోమ్‌లోని సెర్గెల్స్ టోర్గ్ కూడలి కోసం 1959లో డెన్మార్క్‌కు చెందిన పీట్ హైన్ ఎంచుకున్నది ఇలాంటి ఆకారమే.

*పక్కలు తిన్నగా ఉంటే* ప్రతి మూలకూ రెండు పాయింట్లు చొప్పున ఎనిమిది పెట్టాలి. తిన్నటి గీత అయిపోయి వంపు మొదలయ్యే చోట కంటికి చిన్న బుడిపెలాంటిది కనిపిస్తుంది. పాయింట్లు తప్పుగా పెట్టడం వల్ల కాదు, గీత నుంచి వృత్తచాపంలోకి ఒక్కసారిగా మారడం వల్ల అది వస్తుంది. వంపు మొదలయ్యే పాయింటును ఇంకొంచెం వెనక్కి జరిపి, హ్యాండిల్ పొడిగిస్తే పోతుంది.

*లోపలి మూల.* అందరూ చేసే పొరపాటు ఒకటుంది: బయటి మూలకు 168 ఇచ్చి లోపలి మూలకు కూడా 168 ఇస్తారు. అప్పుడు పక్కల్లో 80 ఉన్న మందం మూలల్లో 113 అవుతుంది. అక్షరం నాలుగు మూలల్లోనూ వాచినట్టు ఉంటుంది. లోపలి వ్యాసార్థం అంటే బయటి వ్యాసార్థంలోంచి మందం తీసేయగా మిగిలేది: 168 మైనస్ 80, అంటే 88. "ఏదో తేడాగా ఉంది" అని నాకు చూపించినవాళ్ల ఫైళ్లలో ముందుగా నేను చూసేది ఈ మూలనే.

*అడ్డం, నిలువు.* ఒకే మందంతో గీస్తే అడ్డగీత నిలువు గీత కంటే లావుగా కనిపిస్తుంది. నిలువు 80 అయితే అడ్డం 73, 75 దగ్గర పెట్టి చూడండి. వస్తువు అంచు అన్ని వైపులా సమానమే కదా అని వాదించకండి. కంటికి సమానంగా కనిపించడమే ఇక్కడ సమానం.

*బేస్‌లైన్ దాటడం.* గుండ్రటి అడుగు బేస్‌లైన్ మీద సరిగ్గా ఆగితే అక్షరం పైకి తేలినట్టు, చిన్నగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే పూర్తి గుండ్రాలను పైనా కిందా 10 యూనిట్లు దాటించండి. చతురస్రానికి దగ్గరైన ఆకారానికి 4, 5 చాలు. అడుగు పూర్తిగా చదునైతే అసలే వద్దు.

*గీతలు కలిసే చోటు.* క లో, ఘ లో రెండు గీతలు కలిసే దగ్గర నల్లటి మచ్చ ఏర్పడుతుంది. అక్కడ ఒక గీతను 10, 15 యూనిట్లు సన్నం చేయండి. 1927లో వచ్చిన పాల్ రెన్నర్ ఫాంట్ ఫ్యూచురా కచ్చితమైన జ్యామితికి పెట్టింది పేరు. పెద్దది చేసి చూడండి, అందులో కూడా గుండ్రం నిలువు గీతను కలిసే చోట సన్నబడే ఉంటుంది.

6. గుర్తుపట్టే చోట్లను కాపాడండి

తెలుగు అక్షరాల మధ్య తేడా చాలాసార్లు ఒక చుక్కలోనో, చిన్న గీతలోనో, ఒక సందులోనో ఉంటుంది. ద, ధ ల మధ్య తేడా కింది గీత. ధ, థ ల మధ్య లోపలి చుక్క. చ–ఛ, డ–ఢ, ప–ఫ ల దగ్గరా ఆ చిన్న గీతే దిక్కు. ప లో తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు ఉంటుంది, వ లో అది మూసుకుంటుంది. జ్యామితి పిచ్చిలో పడి ఆ సందును 30 యూనిట్లు చేశారంటే "పరం" కాస్తా "వరం" అయిపోతుంది.

నేను పాటించే కొలత: ఇలాంటి సందు గీత మందానికి తగ్గకూడదు, చుక్క వెడల్పు గీత మందం కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. చుక్కను వస్తువులోని బటన్ ఆకారంలో చేయాలని ఉంటే చేయండి, చిన్నది మాత్రం చేయకండి.

తలకట్టును విడి భాగంగా గీసి అన్ని అక్షరాలకూ అతికించుకోవచ్చు. కానీ ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ లకు తలకట్టు ఉండదు. పోలిక కుదిరింది కదా అని వాటికీ పెట్టేసిన ఫైళ్లు చూశాను. పెట్టకండి.

7. గుణింతాలు, ఒత్తులు

తలకట్టున్న ప్రతి హల్లుకూ తలకట్టు లేని రూపం ఒకటి వేరే గ్లిఫ్‌గా, అంటే ఫాంట్‌లో విడి బొమ్మగా, పెట్టుకోండి. కా, కి, కె, క్ అన్నింటికీ అదే ఆధారం. కు, కూ లలో తలకట్టు ఉంటుందని మరవకండి. కొమ్ము కూడా అన్నిటికీ ఒకే చోట అతకదు: కు, గు లలో కుడి పక్కన వస్తుంది, పు, వు లలో కింది నుంచి మొదలవుతుంది. మొ, యొ, ఘొ, హా లాంటి వాటిని అతుకులతో సరిపెట్టకుండా విడిగా గీయడమే మేలు. ఐత్వం రెండు ముక్కలు: పైన ఎత్వం, కింద ఒక గుర్తు. ఆ కింది గుర్తు ఒత్తుతో కలిసి వచ్చినప్పుడు చోటు చాలుతుందో లేదో చూసుకోండి.

ఒత్తుల్లో క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరానికి దూరమైన రూపాలు. వీటిని కొత్తగా గీయాలి. మిగిలినవి చాలావరకు తలకట్టు తీసేసిన చిన్న రూపాలు.

జాగ్రత్త: చిన్న రూపం కావాలని అక్షరాన్ని 60 శాతానికి కుదిస్తే 80 ఉన్న గీత 48 అవుతుంది. ఒత్తులన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. కుదించాక గీతను 68, 70 వరకు లావు చేసి మళ్లీ సరిచేయండి. మూల వ్యాసార్థానికి కూడా ఇదే వర్తిస్తుంది. పని ఎక్కువే. దీనికి దగ్గరి దారి లేదు.

8. అక్షరాల మధ్య ఎడం

ముందు ర కు రెండు పక్కలా ఎడం నిర్ణయించండి. "రరరర" అని కొట్టి చూడండి: లోపలి ఖాళీ, అక్షరాల మధ్య ఖాళీ ఒకే తూకంలో ఉండాలి. తర్వాత ప్రతి అక్షరాన్నీ రెండు ర ల మధ్య పెట్టండి: రకర, రగర, రలర, రఘర. పక్కలు తిన్నగా ఉన్న ఆకారానికి ఎక్కువ ఎడం, గుండ్రానికి తక్కువ. వృత్తం కోసం నేర్చుకున్న ఎడాన్ని చతురస్రాకారపు ఫాంట్‌లో వాడితే అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకున్నట్టుంటాయి.

జంటల వారీగా కెర్నింగ్, అంటే ఏ రెండు అక్షరాల మధ్య ఎడాన్నైనా విడిగా సర్దడం, చివర్లో చూసుకోండి. తెలుగులో దానికంటే ముందు ఒత్తులు ఢీకొనడం చూడాలి. "అయ్యయ్యో", "చిన్నమ్మ", "క్రమక్రమంగా" కొట్టి చూస్తే లోపాలు బయటపడతాయి.

9. ఓపెన్‌టైప్ నియమాలు

యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ కంప్యూటర్లు వాడే ఒక సంఖ్య. మీ అక్షరాలు అందులోని తెలుగు విభాగంలో, అంటే 0సీ00 (0C00) నుంచి 0సీ7ఎఫ్ (0C7F) వరకు, వాటి వాటి స్థానాల్లో ఉండాలి. ఒత్తులు, తలకట్టు లేని రూపాలు, కలిపి గీసిన గుణింతాలకు యూనికోడ్ సంఖ్య ఉండదు, పేరు మాత్రమే ఉంటుంది. వాటిని తెరమీదికి తెచ్చేవి ఓపెన్‌టైప్ నియమాలు, అంటే ఏ అక్షరాలు వరుసగా వస్తే ఏ గ్లిఫ్ చూపించాలో ఫాంట్ లోపలే రాసిన సూచనలు. ఆ నియమాలు ఏ లిపికో చెప్పే స్క్రిప్ట్ ట్యాగ్‌గా "టీఈఎల్2" (tel2) వాడండి. అందులో పొల్లు ముందు, హల్లు తర్వాత: ఆ రెండూ కలిసి ఒత్తు అవుతాయి. పాత పద్ధతిలో ఈ వరుస తిరగబడి ఉండేది. పాత ఫైల్ నుంచి నియమాలు దించుకున్నవాళ్లకు ఒత్తులు రాకపోవడానికి తరచూ ఇదే కారణం. క్ష కోసం "అఖండ" నియమం రాయండి.

ఇదంతా చేతకాదనిపిస్తే, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్న ఒక తెలుగు ఫాంట్ తీసుకుని, నియమాలు ఉంచి, అక్షరాల స్థానంలో మీవి పెట్టొచ్చు. అప్పుడు మీ ఫాంట్ కూడా అదే లైసెన్స్ కిందికి వస్తుంది, అసలు ఫాంట్‌కు ప్రత్యేకించిన పేరు ఉంటే అది వాడకూడదు. ఫాంట్‌ను పూర్తిగా మీ సొత్తుగా ఉంచుకోవాలంటే ఈ దారి పనికిరాదు.

10. ఎగుమతి చేసి పరీక్షించండి

ఎగుమతికి ముందు ఒకదానిమీద ఒకటి పడ్డ గీతలను కలిపేయండి, గీతల దిశ సరిచేయండి (బయటి, లోపలి గీతలు ఎదురెదురు దిశల్లో తిరగాలి). ఓటీఎఫ్ లేదా టీటీఎఫ్ రకం ఫాంట్ ఫైల్‌గా తీయండి. తర్వాత:

- స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, తీక్ష్ణం, సంస్కృతి, జ్ఞానం: ఈ మాటలు ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రేఆఫీస్‌లో కొట్టండి. మూడూ అక్షరాలను అమర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే ప్రోగ్రామ్ వాడతాయి కాబట్టి మీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో విడిగా మరోసారి చూడండి.
- 48, 24, 14 పాయింట్ సైజుల్లో ప్రింట్ తీయండి. 14లో ఘ, ఝ, ణ పూడుకుపోతే లోపలి ఖాళీ పెంచాలి.
- కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కళ్లు సగం మూసి చూడండి. ఏ అక్షరం నల్లగా ముందుకొస్తుందో దాని మందం తగ్గించాలి.
- సంబంధం లేని మాటలు, పరం, వరం, కద, కథ, వాడు, పాడు, కలగలిపి ప్రింట్ చేసి, ఈ పనితో సంబంధం లేని మనిషి చేత పైకి చదివించండి. తడబడిన చోట గుర్తు పెట్టుకోండి. వివరించబోకండి, వాళ్లు తడబడ్డారంటే అక్షరమే మారాలి.
- చివరగా వస్తువు పక్కన ఆ ప్రింటు పెట్టి చూడండి. పోలిక వెంటనే తట్టకపోతే కొత్త అలంకారాలు చేర్చకండి. సున్న దగ్గరికి వెళ్లి మూల నిష్పత్తిని మళ్లీ కొలవండి.

ఇలా కనిపిస్తే, ఇక్కడ చూడండి

- అక్షరం లోపలి ఖాళీ నల్లగా నిండిపోయింది: లోపలి గీత దిశ తప్పు.
- ఒత్తుల అడుగు తెగిపోతోంది, విండోస్‌లో మాత్రమే: విన్ డిసెంట్ (బేస్‌లైన్ కింద విండోస్ ఎంత చోటు చూపాలో చెప్పే అంకె) విలువ చాలలేదు. మీ అతి లోతైన ఒత్తుకు సరిపోయేలా పెంచండి.
- పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతోంది: వరుసల ఎడం తక్కువైంది. "స్త్రీ" కింద "కీర్తి" పెట్టి సరిచూడండి.
- పొల్లు తర్వాత ఒత్తు రాకుండా ఆపే అదృశ్య గుర్తు ఉన్న చోట డబ్బా కనిపిస్తోంది: యూనికోడ్‌లో 200సీ (200C) స్థానంలో వెడల్పు లేని ఖాళీ గ్లిఫ్ చేర్చండి.
- ఒక్క వరుసలో కొన్ని అక్షరాలు పొట్టిగా ఉన్నాయి: గుండ్రాలను బేస్‌లైన్ దాటించడం మరిచిపోయారు.
- సరిచేశారు, ఎగుమతి చేశారు, అయినా పాత అక్షరమే వస్తోంది: కంప్యూటర్ పాత ఫాంట్‌నే గుర్తుపెట్టుకుంది. పాతదాన్ని తీసేసి, ప్రతి ఎగుమతికీ వెర్షన్ సంఖ్య మార్చి, పరీక్షల కాలంలో ఫాంట్ పేరు చివర కూడా ఆ సంఖ్య చేర్చండి. పని పూర్తయ్యాక పేరులోంచి తీసేయొచ్చు.